గంగ మీద సముద్రపు చుట్టం: నది టెర్న్ కనిపించే చోటు, పుట్టే చోటు

వరంగల్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం చూడాలంటే 250 కిలోమీటర్ల పైనే పోవాలి. ఉన్నవాటిలో దగ్గరంటే మచిలీపట్నం, బాపట్ల తీరాలే. అయినా ధర్మసాగర్ చెరువు మీద, పాకాల మీద, కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు జలాశయం మీద సముద్రపు పక్షుల వంశానికి చెందిన పిట్ట ఒకటి తిరుగుతుంటుంది. కోసుగా సాగిన పొడుగాటి రెక్కలు, రెండుగా చీలిన తోక, పసుపు ముక్కు. పక్షులు చూసేవాళ్ళు దీన్ని రివర్ టెర్న్ అంటారు. ఇక్కడ నది టెర్న్ అందాం.

పక్షుల పుస్తకాల్లో ఏ పిట్టకైనా రూపం ఒక పేరాలో, విస్తరణ ఇంకో పేరాలో ఉంటాయి. ఉత్తర తెలంగాణలో నది టెర్న్ విషయానికొస్తే ఈ రెండూ విడదీసి చదివితే అసలు సంగతి తప్పిపోతుంది. ఈ పిట్ట కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. చెరువు మీద పది పిట్టలు ఎగురుతున్నాయి కాబట్టి మన దగ్గర బాగానే ఉన్నాయి అనుకోవడం తొందరపాటు. ఎక్కడ పుడుతున్నాయి, పుట్టినవి బతికి బయటపడుతున్నాయా అన్నది తెలియాలంటే వాటి ఒంటి మీది రంగులు చదవడం రావాలి.

కుటుంబం సముద్రానిది, కాపురం మంచినీళ్ళది

గల్‌లు, టెర్న్‌లు, స్కిమ్మర్లు అన్నీ కలిసి లారిడే అనే ఒకే కుటుంబం. సుమారు వంద జాతులుంటాయి. వాటిలో చాలా భాగం సముద్ర తీరాలనూ దీవులనూ పట్టుకుని బతికేవే. ఏటా ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి దక్షిణ ధ్రువ ప్రాంతం దాకా పోయి తిరిగొచ్చే ఆర్కిటిక్ టెర్న్ కూడా నది టెర్న్‌కు దగ్గరి చుట్టమే. రెండూ స్టెర్నా అనే ఒకే ప్రజాతివి. ఒకటి భూగోళం చుట్టి వస్తే, రెండోది తాను పుట్టిన నదీ పరీవాహకాన్ని దాటి పెద్దగా పోదు. నీళ్ళు తగ్గితే ఒక మడుగు విడిచి ఇంకో మడుగుకు, నది విడిచి చెరువుకు మారుతుంది. అంతే. మన దగ్గర ఇది చలికాలపు చుట్టం కాదు, ఇంటి మనిషే.

1831లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు: స్టెర్నా ఆరాన్షియా. ఆరాన్షియా అంటే నారింజ రంగుది అని. ముక్కు, కాళ్ళు చూస్తే పేరు సరిగ్గా అమిరిందనిపిస్తుంది.

ముక్కు కొన నుంచి తోక కొన దాకా 38 నుంచి 46 సెంటీమీటర్లు. కొలత చూస్తే ఊరకాకి అంతే. కానీ ఒళ్ళు సన్నం, ఆ పొడుగులో మంచి భాగం తోకదే. రెక్కలు చాపితే 80 సెంటీమీటర్లు దాటుతుంది. ఎండాకాలపు నిండు రూపంలో ఉన్న పిట్టను ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోవడం కష్టం. నుదుటి నుంచి మెడ వెనక దాకా నల్లటి టోపీ పెట్టినట్టుంటుంది. వీపు, రెక్కలు బూడిద రంగు, కింది భాగం తెలుపు. ముక్కు లావుగా, ముదురు పసుపులో ఉంటుంది. కురచ కాళ్ళు ఎరుపు. తోక చివర రెండు సన్నటి ఈకలు వెనక రెండు తీగల్లా సాగుతాయి.

ఆ కురచ కాళ్ళను కాస్త పట్టించుకోవాలి. వేళ్ళ మధ్య పొర ఉంది, అయినా టెర్న్‌లు బాతుల్లా ఈదవు. నీళ్ళ మీద కూర్చుని సేద తీరడం వీటికి అలవాటు లేదు. ఆగాలంటే గట్టి నేల కావాలి: ఇసుక తిన్నె, నీళ్ళలోంచి తేలిన బండ, లేదా గంగపుత్రులు వల కట్టడానికి పాతిన కర్ర. నీళ్ళ మీద బతికే పిట్టకు నీళ్ళలో తేలిన నేల ఎందుకంత అవసరమో ఇక్కడే మొదలవుతుంది.

వేట చూడాలంటే మత్తడి దగ్గర నిలబడాలి. నీటి మట్టానికి పది పదిహేను అడుగుల పైన, ముక్కు నిట్టనిలువుగా కిందికి వంచి, తల అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా సాగుతుంది. తల తప్ప మిగతా ఒళ్ళంతా గాలిలో వేలాడదీసినట్టు ఉంటుంది. ఉన్నట్టుండి రెక్క ఆడిస్తూ ఒకే చోట ఆగుతుంది. కొన్నిసార్లు మనసు మార్చుకుని ముందుకు పోతుంది. పోకపోతే రెక్కలు సగం ముడిచి తలకిందులుగా పడుతుంది. నీళ్ళు చిన్నగా చిమ్ముతాయి. లోతుకు పోయేంత బరువు దానికి లేదు, జానెడు లోతులోనే పని ముగించుకుని లేస్తుంది. లేచి నాలుగు బారలు పైకి పోయాక ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుంటుంది. దొరికి ఉంటే ముక్కుకు అడ్డంగా బుడ్డపరక తళుక్కుమంటుంది. చాలాసార్లు ముక్కు ఖాళీయే. చేపతోపాటు తోక కప్పలు, చిన్న రొయ్యలు, పురుగులు కూడా తింటుంది. కానీ తేట నీళ్ళలో పైపొరన తిరిగే చిన్న చేపే దాని ప్రధానమైన తిండి. కాకతీయుల చెరువులు ఈ పిట్టను పోషిస్తున్నది ఆ పైపొరతోనే.

చలికాలంలో వచ్చే తికమక

సెప్టెంబర్, అక్టోబర్‌లకు ఆ నల్ల టోపీ చెదిరిపోతుంది. నుదురు, నడినెత్తి తెల్లబారి నల్ల చుక్కలు మిగులుతాయి. కంటి మీదుగా మసిబట్ట చుట్టినట్టు ఒక పట్టీ ఉంటుంది. పసుపు ముక్కు కొన నల్లబడుతుంది, తోక తీగలు రాలిపోతాయి. సరిగ్గా అదే రోజుల్లో మీసాల టెర్న్‌లు వలస వస్తాయి. రెండూ ఒకే చెరువు మీద తిరుగుతుంటే ఒడ్డున నిలబడినవారికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లెక్క తప్పేది కూడా ఇక్కడే. చలికాలంలో ఒక చెరువు మీద యాభై టెర్న్‌లు అని రాసుకున్నప్పుడు అందులో చాలా మటుకు మీసాల టెర్న్‌లే కావచ్చు.

విడదీయడం కష్టమేమీ కాదు. మీసాల టెర్న్ 23 నుంచి 29 సెంటీమీటర్ల చిన్న పిట్ట. తోక చీలినట్టు కాకుండా కాస్త నొక్కినట్టు ఉంటుంది. చలికాలంలో ముక్కు నల్లగా, సన్నగా కనిపిస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు దాని నడవడిక. అది నీళ్ళలోకి దూకదు. నీటి మీదుగా ఎగురుతూ ముక్కుతో పైపైన ఏరుకుంటుంది. దూకినది నది టెర్న్, ఏరుకున్నది మీసాల టెర్న్ అనుకుంటే పదికి తొమ్మిదిసార్లు పొరపాటు జరగదు.

ఏప్రిల్‌లో ఇంకో తికమక. తిరుగు ప్రయాణానికి ముందు మీసాల టెర్న్‌లు రంగు మార్చుకుంటాయి. పొట్ట ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది. వాటిని చూసి నల్లపొట్ట టెర్న్ కనిపించిందని సంబరపడేవాళ్ళున్నారు. నల్లపొట్ట టెర్న్ వేరే జాతి, నది టెర్న్‌కన్నా చాలా పెద్ద ప్రమాదంలో ఉన్నది. దాని ముక్కు నారింజ రంగు, తోక లోతుగా చీలి ఉంటుంది. మీసాల టెర్న్ ముక్కు ఆ కాలంలో ముదురు ఎరుపు, బుగ్గ తెల్లగా మెరుస్తుంది. పొట్ట ఒక్కటే చూసి నిర్ణయించవద్దు, ముక్కు చూడాలి, తోక చూడాలి. లద్దాఖ్, టిబెట్ వైపు నుంచి చలికాలానికి దిగే గోధుమ తల గల్ ఒడ్డూ పొడుగూ ఉన్న పక్షి. దానితో తికమక పడే పని లేదు.

మ్యాప్ మీద చుక్కలు

ప్రపంచ పటంలో నది టెర్న్ విస్తరణ చాలా పెద్దది. ఇరాన్ ఆగ్నేయ మూల నుంచి పాకిస్తాన్, భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్ మీదుగా లావోస్, కంబోడియా, చైనాలోని యునాన్ దాకా రంగు పూస్తారు. రంగు పూసినంత మేరా పిట్ట ఉందని కాదు. తూర్పున మెకాంగ్ నది మీద ఇది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పడమటి కొసన ఇరాన్‌లో అరుదు. బరువంతా నడుమ, అంటే మన దేశపు నదుల మీద పడింది. 2020లో ఐయూసీఎన్, అంటే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, దీన్ని ముప్పు దరిదాపుల్లో ఉన్న వర్గం నుంచి తీసి, ముప్పులో పడిన వర్గాల్లో మొదటిదైన వల్నరబుల్‌లో చేర్చింది. మనకు రోజూ కనిపించే పిట్ట ప్రపంచ జాబితాలో ప్రమాదపు వరుసలోకి ఎక్కడం వింతగా తోచవచ్చు. ఆ వింతకు జవాబు మన గంగ ఒడ్డునే దొరుకుతుంది.

నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని తెలంగాణలోకి అడుగుపెట్టే గోదావరిని ఉత్తర తెలంగాణ పల్లెల్లో గంగ అనే అంటారు. అక్కడి నుంచి శ్రీరాంసాగర్, ధర్మపురి, ఎల్లంపల్లి, మంథని, ప్రాణహిత కలిసే కాళేశ్వరం, ఆ దిగువన ఏటూరునాగారం, మంగపేట. ఈ పొడుగునా నదిలో ఇసుక మేటలు, బండల తిప్పలు, మడుగులు. దక్షిణాన ఓరుగల్లు చుట్టూ గొలుసు చెరువులు. 1213 ప్రాంతంలో గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల, అదే కాలపు రామప్ప, లక్నవరం. నది ఒక పక్క, చెరువులు ఒక పక్క. ఈ రెంటి మధ్య నది టెర్న్ తన ఏడాదిని పంచుకుంటుంది.

పటం మీద చుక్కలు పెట్టేది ఇప్పుడు ఎక్కువగా మామూలు పక్షి ప్రేమికులే. ఈబర్డ్ లాంటి వేదికల్లో ఎవరైనా చూసింది నమోదు చేయవచ్చు. ఇది చాలా మంచి పని, దాని విలువ తగ్గించనక్కర్లేదు. కానీ పిట్టలు చూసేవాళ్ళు ఎక్కడికి పోతే చుక్కలు అక్కడ పడతాయి, ఎప్పుడు పోతే అప్పుడు పడతాయి. వలస పక్షుల కోసం జనం కదిలేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. పోయేది దారి బాగున్న చెరువులకు. మే నెలలో, రామగుండం దిక్కు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, గోదావరి ఇసుక మీద దుర్భిణి పట్టుకుని నిలబడేవాళ్ళు ఎందరు? నది టెర్న్ భవిష్యత్తు తేలేది మాత్రం ఆ రోజుల్లోనే, ఆ ఇసుక మీదే.

ఉగాది నుంచి మిరుగం దాకా

గూడు అనే మాట దానికి పెద్దదే. పుల్లలు లేవు, గడ్డి లేదు. ఇసుకలో రొమ్ముతో ఒరిసి చేసిన పళ్ళెమంత గుంట, లేదా బండ మీద ఒక చిన్న పల్లం. అందులో రెండు మూడు గుడ్లు. లేత బూడిద పచ్చ మీద, మట్టి రంగు మీద గోధుమ మచ్చలు. రెండు బారల దూరం నుంచి చూసినా గులకరాళ్ళలో కలిసిపోతాయి. ఈ కలిసిపోవడమే వాటికి రక్ష. కాలు వేసేదాకా గుడ్డు ఉందని తెలియకపోవడం ఆ రక్షలోని కీడు. మనిషి అయినా, బర్రె అయినా, ట్రాక్టర్ టైరు అయినా అంతే.

ఒంటరిగా గూడు పెట్టడంకన్నా గుంపుగా పెట్టడానికే ఇష్టపడతాయి. కాకి గానీ గద్ద గానీ వస్తే గుంపంతా లేచి అరుస్తూ మీదికి దూకుతుంది. ఎండ ఇంకో శత్రువు. నీడ లేని ఇసుక మీద గుడ్డును కాపాడటమంటే వేడి చేయడం కాదు, చల్లగా ఉంచడం. తల్లి పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో మనిషి దగ్గరికి పోవడం వల్ల పిట్ట పది నిమిషాలు గూడు విడిచినా గుడ్డు ఉడికిపోయే ప్రమాదం ఉంది. ఫోటో కోసం దగ్గరికి పోయేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒడ్డు నుంచి తీసిన మసక ఫోటో చాలు.

ఇప్పుడు తేదీల లెక్క చూద్దాం. గుడ్లు పెట్టే కాలం మార్చి నుంచి మే. అంటే దాదాపు ఉగాదికి మొదలు. పొదగడానికి సుమారు మూడు వారాలు. పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో నాలుగు వారాలు. ఏప్రిల్ మొదటి వారంలో గుడ్డు పడితే ఏప్రిల్ చివర పిల్ల, మే చివరికి ఎగిరే పిల్ల. మిరుగం నాటికి, అంటే జూన్ మొదటి వారం దాటేసరికి, గట్టెక్కినట్టే. రుతుపవనాలు ఉత్తర తెలంగాణకు చేరేది కూడా మామూలుగా జూన్ రెండో వారం నాటికే. వేల ఏళ్ళుగా ఆ పిట్ట పంచాంగం ఈ నది పంచాంగంతో కుదిరిపోయింది.

మొదటి గుడ్లు పోతే? మళ్ళీ పెడుతుంది. కానీ మే మొదటి వారంలో పెట్టిన గుడ్డు ఎగిరే పిల్లగా మారేసరికి జూన్ ఆఖరు. అప్పటికి మహారాష్ట్ర వైపు వానలు పడి ప్రాణహిత పొంగడం మొదలుపెట్టవచ్చు. కాబట్టి ఏప్రిల్‌లో ఒక కుక్కల గుంపు చేసిన నష్టం ఏప్రిల్‌తో పోదు. అది పిట్టను వరద దారిలోకి నెడుతుంది. సమస్యలు ఒకదానితో ఒకటి ముడిపడేది ఇలాగే.

నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా

గూటికి కావలసింది చుట్టూ నీళ్ళున్న, గడ్డి మొలవని, మునగని నేల. ఈ మూడూ ఒకేచోట రెండు నెలలపాటు నిలవాలి. నీళ్ళు తగ్గితే దీవి ఒడ్డుకు అంటుకుంటుంది. అప్పుడు ఊరకుక్కలు, నక్కలు, మేకలు, మనుషులు నడిచి వస్తారు. నీళ్ళు పెరిగితే మునుగుతుంది. ఆనకట్టలు లేని రోజుల్లో ఎండాకాలంలో నది నెమ్మదిగా, ఒకే తీరుగా తగ్గేది. ఇప్పుడు మట్టం గేట్ల చేతిలో ఉంది. యాసంగి పంటకు ఆఖరి తడి కోసం నీళ్ళు వదిలితే కింద ఇసుక మేట ఒక్క రాత్రిలో మునగవచ్చు. పైన జలాశయంలో అదే వదలడం వల్ల దీవి చుట్టూ నీళ్ళు ఇంకిపోయి బాట పడవచ్చు. రైతుకు నీళ్ళు ఇవ్వడం తప్పని ఎవరూ అనలేరు, అనకూడదు. పిట్టకు సంబంధించిన చిక్కు నీళ్ళు వదలడంలో లేదు, ఒక్కసారిగా వదలడంలో ఉంది.

వరద గురించి ఒక అపోహ తీయాలి. జూలై, ఆగస్టు వరదలు నది టెర్న్‌కు మేలు చేస్తాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఊళ్ళకు అది పెద్ద కష్టం. నదికి మాత్రం ఎర్రనీళ్ళ వేగమే మేటల మీది తుంగను, సర్కారు తుమ్మను ఊడ్చుకుపోయి, కొత్త ఇసుక తెచ్చి పరుస్తుంది. ఊడ్చే వరద లేని చోట మేట రెండు మూడేళ్ళలో పొదలతో నిండిపోతుంది. పొద ఉంటే పాము దాగుతుంది, ముంగిస దాగుతుంది. చుట్టూ చూపు ఆనని చోట టెర్న్ గుడ్డు పెట్టదు. అంటే ఈ పిట్టకు వరద కావాలి, మిరుగం దాటాక కావాలి.

ఆనకట్ట ఈ రెండు పనులనూ దెబ్బతీస్తుంది. వరద వేగం తగ్గిస్తుంది, ఇసుకను తన వెనకాలే ఆపేస్తుంది. దానికి తోడు మిగిలిన ఇసుకను లారీలకెత్తే రీచ్‌లు గోదావరి, మానేరు పొడుగునా నడిచేది కూడా నీళ్ళు తగ్గిన ఎండాకాలంలోనే. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇసుక కావాలి. పిట్టకూ అదే ఇసుక, అదే నెలలో కావాలి.

మేడిగడ్డ సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చూడాలి. 2019 జూన్ 21న మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైంది. దాని నిల్వ 16.17 టీఎంసీలు, పైన అన్నారం బ్యారేజీది 10.87, సుందిళ్లది 8.83. ఈ మూడూ నిండితే మేడిగడ్డ నుంచి ఎల్లంపల్లి దాకా దాదాపు వంద కిలోమీటర్ల గంగ ఒకదాని వెనక ఒకటి మూడు చెరువులుగా మారుతుంది. టెర్న్ వేటకు అది విస్తారమైన నీళ్ళు. గుడ్డు పెట్టడానికి మాత్రం కాలు మోపే మేట మిగలదు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాక నీళ్ళు వదిలేశారు, ఆ తర్వాత మూడింట్లోనూ నీళ్ళు నిలపడం ఆగిపోయింది. బ్యారేజీ గురించి వాదాలు వేరు, వాటి చోటు వేరు. పక్షుల వైపు నుంచి చూస్తే మునిగిన మేటలు మళ్ళీ గాలికి తేలాయి. ఒకే నది, ఒకే దూరం, నాలుగేళ్ళు నిండుగా, తర్వాత ఖాళీగా. విస్తరణ పటం మీద ఈ మార్పు ఎక్కడా కనపడదు. ఎందుకంటే నిండినప్పుడూ అక్కడ టెర్న్ ఎగురుతుంది, ఖాళీ అయినప్పుడూ ఎగురుతుంది. రెండు కాలాల్లోనూ చుక్క ఒకటే పడుతుంది.

చెరువుల్లో గూడు పెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. లక్నవరంలో దీవులున్నాయి. కానీ అవి చెట్లు కమ్ముకున్న గుట్టల శిఖరాలు, వేలాడే వంతెన మీదుగా జనం నడిచే చోట్లు. బోడి నేల కోరే పిట్టకు అవి దీవులు కావు, అడవి. పాకాల లాంటి కాకతీయ చెరువు కట్టుబడి కూడా ఇందుకు అనుకూలం కాదు. మూడు వైపులా మెల్లగా లేచే నేల, నాలుగో వైపు కట్ట. నీళ్ళు తగ్గేకొద్దీ శిఖం భూమి అంచు నుంచి లోపలికి తేలుతుంది. తేలిన నేలంతా ఒడ్డుకు అంటుకునే ఉంటుంది. అక్కడ పశువులు మేస్తాయి, పుచ్చకాయలు పండిస్తారు. నడినీళ్ళలో గుండ్లు తేలిన చెరువులుంటే ఒకటి రెండు జంటలకు చోటు దొరకవచ్చు. పెద్ద గుంపుకు కాదు. కర్ణాటకలో భద్ర జలాశయం ఈ పిట్టల గూళ్ళకు పేరుపడింది. కారణం అక్కడ ఎండాకాలంలో నీళ్ళు దిగినప్పుడు నడినీళ్ళలో బోడి రాతి దీవులు తేలడమే. ఆనకట్ట అనగానే ముప్పు అని రాసేయడం అందుకే తప్పు. దీవి తేలే జలాశయం ఒకటి, తేలనిది ఒకటి. మన చెరువులు వంటిల్లు, గంగలో మేటలు పురిటిల్లు. వంటిల్లు ఎంత నిండుగా ఉన్నా పురిటింటి లోటు తీరదు.

లోటు ఎందుకు కనపడదు

పిచ్చుక లాంటి చిన్న పిట్టలు రెండేళ్ళు పిల్లలు పెట్టకపోతే ఊళ్ళో తేడా తెలుస్తుంది. టెర్న్‌లు దీర్ఘాయుష్షు ఉన్న పక్షులు, పదేళ్ళకు పైబడి బతకగలవు. వరుసగా ఐదారేళ్ళు ఒక్క పిల్ల కూడా ఎగరకపోయినా పెద్దవి అలాగే ధర్మసాగర్ మీద, వడ్డేపల్లి చెరువు మీద తిరుగుతూనే ఉంటాయి. ప్రతి చలికాలం లెక్కలో అవే పది పిట్టలు. లెక్క తగ్గలేదు కాబట్టి అంతా బాగుంది అనిపిస్తుంది. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరు కూడా పగటిపూట చూస్తే ఊరిలాగే ఉంటుంది. పిట్టల లెక్క పడిపోవడం మొదలయ్యాక గుర్తించితే అప్పటికి పదేళ్ళు ఆలస్యమైనట్టు.

ఇక్కడే రూపం పనికొస్తుంది. ఆ ఏడు పుట్టిన పిల్ల రంగు వేరు. వీపు మీద బూడిద రంగు బదులు మట్టి రంగు పొలుసులు పేర్చినట్టుంటుంది. తల మీద గోధుమ గీతలు. ముక్కు పసుపే గానీ కొన నల్లన. తోక పొట్టి. జూలై, ఆగస్టు నెలల్లో మత్తడి దగ్గర ఉన్న టెర్న్‌లలో నిండు నల్ల టోపీవి ఎన్ని, మట్టి రంగువి ఎన్ని అని వేరుగా రాసుకుంటే చాలు. ఇరవైలో నాలుగైదు మట్టి రంగువి కనిపిస్తే ఆ ఎండాకాలం ఎక్కడో ఒక మేట గట్టెక్కిందని అర్థం. ఏళ్ళ తరబడి ఒక్కటీ కనపడకపోతే చెరువు మీద ఎన్ని పిట్టలున్నా సంతోషించే పని లేదు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, మామూలు దుర్భిణి చాలు. కష్టమల్లా వానాకాలంలో, వలస పక్షులు లేని రోజుల్లో, చెరువుకు పోవాలనిపించడమే.

ఏప్రిల్, మే నెలలకు ఇంకో గుర్తుంది. టెర్న్ తన కోసం పట్టిన చేపను గాలిలోనే మింగేస్తుంది. ముక్కున అడ్డంగా పట్టుకుని, మింగకుండా, ఒకే దిక్కుకు తిన్నగా ఎగిరిపోతుందంటే ఆ చేప ఇంకొకరిది. జంట కట్టే రోజుల్లో మగది ఆడదానికి చేప కానుక ఇస్తుంది, తర్వాత ఇద్దరూ పిల్లలకు మోస్తారు. అరగంట సేపు ఒకే చోట కూర్చుని చేప మోసిన పిట్టలన్నీ ఏ దిక్కుకు పోతున్నాయో గమనిస్తే, గూళ్ళు ఏ వైపున ఉన్నాయో మేట మీద కాలు పెట్టకుండానే తెలుస్తుంది. తెప్పల మీద తెల్లవారుజామునే వల తీసే గంగపుత్రులకు, ముదిరాజులకు ఈ దిక్కులు ఎవరికన్నా బాగా తెలుస్తాయి. ఏ తిప్ప మీద పిట్టలు లేచి అరుస్తాయో, ఏ ఏడు అరవలేదో వాళ్ళను అడిగితే చెప్పగలరు. అడిగేవాళ్ళు కావాలి.

అలా దిక్కు తెలిసిన తిప్పకు రెండు నెలలు కాపలా పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఇసుక రీచ్ హద్దును ఆ రెండు నెలలు వంద గజాలు పక్కకు జరపవచ్చు. గేటు ఎత్తేముందు నీళ్ళను విడతలుగా వదలవచ్చు. ఒడ్డుకు అంటుకునే చోట చిన్న కాలువ తవ్వితే కుక్కల బాట తెగుతుంది. ఇవన్నీ ఉగాదికి మొదలుపెట్టి మిరుగానికి ముగించే పనులు.

మిరుగం దాటి, చెరువులు నిండి, పాకాల మత్తడి పారే రోజుల్లో చూడండి. నల్ల టోపీ పెద్ద పిట్ట వెనకాల మట్టి రంగు పిల్ల ఒకటి కీచుమంటూ వెంటపడుతుంది. పెద్దది దూకి లేస్తుంది. పిల్ల కూడా రెక్క ఆడించి ఆగుతుంది, దూకబోయి నీళ్ళకు అడుగు పైనే జంకి లేస్తుంది. మళ్ళీ తిరిగి వస్తుంది, ఈసారి పొట్ట తడుస్తుంది, ముక్కు ఖాళీగానే ఉంటుంది. దాని ముక్కు కొన నల్లగా ఉందేమో చూసి, తేదీతో సహా రాసి పెట్టుకోండి.